రెండు కొక్కేలూ ఒక్కసారే విడవాలి

ఆ పని మా షాపు చేయగలదని మొదట్లో నమ్మింది నేనొక్కదాన్నే. వ్యాపారంలో మా భాగస్వామి కూడా నమ్మలేదు. ఆ మాట ఇప్పటికీ ఆయన ముందు అంటుంటాను, ఆయన నవ్వి ఊరుకుంటాడు.

గోదావరిఖనిలో నాకొక మెషీన్ షాపు ఉంది. గనుల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టే ఇనప స్తంభాలు బాగుచేయడం, పంపుల కేసింగులు, బొగ్గు మోసే బెల్టుల రోలర్లు తయారుచేయడం మా రోజువారీ పని. మా నాన్నగారు కోస్తా నుంచి బొగ్గు కంపెనీలో ఇంజనీరుగా వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. నేను ఇక్కడే పుట్టి, మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఉద్యోగం వదులుకుని మళ్ళీ ఇక్కడికే వచ్చాను. ఆడమనిషి లేత్ మెషీన్ల మధ్య ఏం చేస్తుందని కొందరు అడిగారు. పని చూశాక ఎవరూ అడగలేదు.

మా భాగస్వామి ఇక్కడి రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. వాళ్ళ ఊరి భూములు ఓపెన్‌కాస్టు గనిలో కలిసిపోయాక వెల్డింగూ లేతూ నేర్చుకున్నాడు. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను చెల్లె అంటాడు. పేర్లు పెట్టి పిలుచుకున్న గుర్తు మాకిద్దరికీ లేదు.

ఒక చలికాలం పొద్దున్న హైదరాబాద్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. క్షిపణులు తయారుచేసే ల్యాబ్‌లో సైంటిస్టు. ముప్పై దాటి ఉండవు. షాపంతా తిరిగి చూసి, మా పక్కనున్న ఖాళీ స్థలం వైపు చాలాసేపు చూసి నా ముందు కూర్చుంది.

"మేడమ్, రెండంతస్తుల ఎత్తున ఒక గ్యాంట్రీ కావాలి. దానికి ఒక బరువు వేలాడదీసి వదలాలి. చాలాసార్లు వదలాలి."

"బరువంటే?"

ఆమె కాస్త తటపటాయించింది. "ఒక గొట్టం అనుకోండి."

"గొట్టం పేరు నాకక్కర్లేదు. ఎంత బరువు, ఎంత పొడవు, ఎన్ని కొక్కేల మీద వేలాడుతుంది, ఎంత తొందరగా విడవాలి, అవి చెప్పండి చాలు" అన్నాను.

ఆ అమ్మాయి ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. నాలుగు క్వింటాళ్ళకు కాస్త తక్కువ అంది. రెండు కొక్కేలు అంది. రెండూ ఒక్కసారే విడవాలి, కనురెప్ప వేసేంత తేడా కూడా రాకూడదు అంది.

"చేస్తాం" అన్నాను.

ఆమె వెళ్ళాక అన్న నా మీద పడ్డాడు. "ఏంది చెల్లె, గట్ల టపీమని ఒప్పుకున్నవ్? హైదరాబాదుల షాపులే లేవా ఆళ్ళకు?"

"ఉన్నాయన్నా. అక్కడ ఇంత జాగా లేదు, మనలాగ పెద్ద ఇనుము పని చేసేవాళ్ళు తక్కువ. నాలుగు క్వింటాళ్ళు దభాలున పడుతుంటే చుట్టుపక్కలోళ్ళు ఊరుకోరు. ఇక్కడెవరికి పట్టింది? రోజూ గని బ్లాస్టింగుకి కిటికీలు వణుకుతూనే ఉంటాయి."

"గది నిజమే" అని, బీడీ ఆర్పేసి, ఖాళీ స్థలం కొలవడానికి టేపు పట్టుకుని వెళ్ళిపోయాడు.

కాగితాల మీద సంతకాలయ్యాక ఆ అమ్మాయి అసలు సంగతి చెప్పింది. హెలికాప్టర్ పక్కన తగిలించి, సముద్రం మీద శత్రువు ఓడను కొట్టే క్షిపణి అది. ఫైటర్ విమానం వేగంగా పోతుంది కాబట్టి వదిలినదానికి దూరంగా వెళ్ళిపోగలదు. హెలికాప్టర్‌కి ఆ వేగం లేదు. పైన తిరిగే రెక్కలు గాలిని కిందికి నెడుతుంటాయి. పక్కనే ఉండగా క్షిపణి ఇంజను అంటుకుంటే ఆ మంట హెలికాప్టర్‌కే తగులుతుంది. అందుకని ముందు దాన్ని రాయిలా కిందికి వదిలేస్తారు. కాస్త దూరం పడ్డాక మంట అంటుకుంటుంది. అప్పుడది నీళ్ళకు దగ్గరగా దిగి, అలలను రాసుకుంటూ పోతుంది. దాని ముక్కులో ఓడ వేడిని గుర్తుపట్టే కన్ను ఉంటుంది. ఆ కన్ను చూసేది హెలికాప్టర్‌లో ఉన్నవాళ్ళకూ కనపడుతుంది, చివరిదాకా దారి సరిచేయొచ్చు.

ఇవన్నీ వేరే వేరే గదుల్లో వేరే వేరే మనుషులు చేసే పనులు. ఆ అమ్మాయి పని లాంచర్, అంటే క్షిపణిని హెలికాప్టర్‌కి పట్టి ఉంచి, సమయానికి వదిలే పరికరం. ముందు కొక్కెం ముందే విడిచి వెనకది ఆలస్యమైతే ముక్కు కిందికి వంగి, తోక పైకి లేచి, హెలికాప్టర్ పొట్టకు తగులుతుంది.

ఇనప కాళ్ళ మీద అడ్డదూలం నిలిచే ఆ గ్యాంట్రీ కట్టడానికి మాకు ఎండలు ముదిరేదాకా పట్టింది. అన్న ప్రతి వెల్డును సుత్తితో కొట్టి, చప్పుడు విని, నచ్చనిది కోసి మళ్ళీ వేయించాడు. నేను డమ్మీ క్షిపణి చూసుకున్నాను. ఉక్కు గొట్టం లోపల సీసం బిళ్ళలు పేర్చి, అసలు దానికి ఎంత బరువు ఎక్కడ ఉంటుందో అంతే బరువు అక్కడే వచ్చేలా చేయాలి. బరువు ఒక్కటే సరిపోతే చాలదు, ఒక అంచు మీద పెట్టినప్పుడు సరైన చోట సమంగా నిలబడాలి. బిళ్ళలు తీస్తూ, జరుపుతూ, మళ్ళీ పెడుతూ మూడు వారాలు గడిపాను. అది నిలబడ్డ రోజున అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను. కింద పడ్డప్పుడు దెబ్బ తగలకుండా గోదావరి ఇసుక లారీలతో తెచ్చి మెత్తగా పరిచాం. పైన లాంచర్ పక్కనే, హెలికాప్టర్ పొట్ట ఉండే చోట ప్లైవుడ్ పలకలు బిగించాం. తోక తగిలిందో లేదో అవే చెప్తాయి.

మా అమ్మ నాతోనే ఉంటుంది. ఒకరోజు నాకు అన్నం పట్టుకుని షాపుకి వచ్చి, నారింజ రంగు వేసిన ఆ డమ్మీని చూసింది. నేనేమీ చెప్పలేదు. రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి చదివే మనిషికి ఆ ఆకారం చూస్తే చాలు.

"ఇది ఓడల్ని ముంచేదా?" అంది.

"నేను చెప్పకూడదమ్మా."

"చెప్పకులే. ఓడంటే అందులో మనుషులుంటారు కదే?"

"ఉంటారు."

"మరి?"

నేను ముద్ద కలుపుతూ ఆగాను. "దీన్ని మోసేదాంట్లోనూ మనుషులుంటారమ్మా. నాకు అప్పజెప్పింది వాళ్ళ సంగతి."

"సగమే చెప్పావు" అంది అమ్మ.

"అవును, సగమే" అన్నాను. సగమేనని ఒప్పుకోవడానికి నాకు చిన్నతనం అనిపించలేదు. దేశానికి కాపలా కావాలని నేను నమ్ముతాను. కాపలా కాసేవాళ్ళు ఇంటికి తిరిగి రావాలని అంతకంటే గట్టిగా నమ్ముతాను. అమ్మ మజ్జిగ పోసింది.

పరీక్షలు మొదలయ్యాయి. ఆ అమ్మాయి హైదరాబాద్ నుంచి లాంచర్ తెచ్చి, తొందరగా కదిలే వాటిని నెమ్మదిగా చూపించే కెమెరా పెట్టి, గెస్ట్‌హౌస్‌లో దిగింది. ఎండకు భయపడి పొద్దున్నే పని మొదలుపెట్టేవాళ్ళం. డమ్మీని ఎత్తి తగిలించడం, అందరం దూరంగా జరగడం, ఆమె బటన్ నొక్కడం, ఇసుకలో దభీమని శబ్దం. కెమెరాలో చూస్తే రెండు కొక్కేలూ ఒకే మాట మీద ఉన్నట్టు విడిచేవి. డమ్మీ ఎటూ వంగకుండా, ఎత్తున పట్టుకున్న దూలాన్ని వదిలేసినట్టు పడేది. ప్రతిసారీ అంతే. ఇక చాలు, పై ఆఫీసరు వచ్చి చూసి సంతకం పెడితే అయిపోతుంది అంది ఆమె.

ఆ పై ఆఫీసరు వచ్చిన రోజు ఆయన రైలు ఆలస్యమైంది. రామగుండం స్టేషన్‌లో దిగి మా దగ్గరికి వచ్చేసరికి ఎండ నెత్తి మీద ఉంది. కళ్ళు తెరవలేని మే నెల ఎండ. లాంచర్ పొద్దుటి నుంచి గ్యాంట్రీ మీదే ఎండలో ఉంది. ఆయన మంచినీళ్ళు తాగి, టోపీ పెట్టుకుని, "కానివ్వండి" అన్నారు.

ఆ అమ్మాయి బటన్ నొక్కింది. ముక్కు ముందు పడింది. తోక పైకి లేచి ప్లైవుడ్‌కి తగిలింది. పలక నిలువునా చీలి, ఒక ముక్క మాకు కొంచెం దూరంలో వచ్చి పడింది. డమ్మీ ఇసుకలో ముక్కు గుచ్చుకుని వాలిపోయింది.

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది.

"గ్యాంట్రీ లెవెల్ చూశారా?" అన్నారు ఆఫీసరు.

"పొద్దుగాల చూసిన సార్. మల్ల చూస్త" అంటూ అన్న నిచ్చెన ఎక్కాడు. లెవెల్ ఎక్కడా తప్పలేదు.

"మీకిక్కడ బ్లాస్టింగులు జరుగుతాయి కదా. ఆ అదురుకేమైనా..."

"ఇయ్యాల ఇంక బ్లాస్టింగ్ కాలే సార్. ఐతె ముందుగాల సైరన్ మోగుతది, మనకు ఎర్కైతది."

ఆయన తప్పు మా మీద వేయాలని చూడటం లేదు. ఒక్కొక్క అనుమానాన్నీ తీసేస్తున్నారు. అయినా ఆ అనుమానం మా గ్యాంట్రీ మీద మిగిలిపోవడం నాకిష్టం లేదు.

"సార్, లాంచర్‌ని ఇటుది అటు తిప్పి బిగిద్దాం. తప్పు గ్యాంట్రీదైతే మళ్ళీ ఇదే చివర ఆలస్యమవుతుంది. లాంచర్‌దైతే తప్పు కూడా దానితోపాటు అటు వెళుతుంది" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి తలూపారు. తిప్పి బిగించడానికి సాయంత్రమైంది. ఎండ తగ్గాక వదిలితే డమ్మీ చక్కగా పడింది. మర్నాడు పొద్దున్న వదిలాం, చక్కగానే పడింది. మాకేం అర్థం కాలేదు. మధ్యాహ్నం మళ్ళీ వదిలాం. ఈసారి రెండో చివర పైకి లేచింది. అంటే తప్పు లాంచర్‌తోపాటే తిరిగింది. మా గ్యాంట్రీ మీద అనుమానం తీరింది. కానీ సంతోషించే సమయం కాదది. ఆ అమ్మాయి నిచ్చెన ఎక్కి లాంచర్ మీద చెయ్యి వేసింది. వెంటనే చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకుంది. అరచేయి ఎర్రబడింది. పైనుంచే నా వైపు చూసింది.

"అక్కా, వేడి!" అంది. అప్పటిదాకా ఆమె నన్ను మేడమ్ అనే పిలిచేది.

ఆ ఒక్క మాటకి నాకూ లైటు వెలిగింది. లాంచర్ ఒళ్ళు అల్యూమినియం. రెండు కొక్కేలనూ కలిపే కడ్డీ ఉక్కు. ఎండకి అల్యూమినియం ఎక్కువ సాగుతుంది, ఉక్కు తక్కువ సాగుతుంది. కొక్కేలను లాగే మోటారు ముందు కొక్కెం పక్కనే ఉంది, కాబట్టి దానికేమీ తేడా రాలేదు. కడ్డీ చివర ఉన్న వెనక కొక్కేనికి మాత్రం వెంట్రుకవాసి తేడా వచ్చింది. ఆ తేడా చాలు, తోక లేవడానికి. హైదరాబాద్‌లో ఏసీ గదిలో, ఇక్కడ చల్లటి పొద్దుల్లో అది ఎప్పుడూ బయటపడలేదు.

మధ్యాహ్నం షాపులో కూలర్ ముందు కూర్చున్నాం. ఆఫీసరు చాలాసేపు ఆలోచించి అన్నారు. "ఈ నెల్లో రిపోర్టు వెళ్ళాలి. దీని మీద ఆధారపడి ఇంకా చాలా పనులు ఆగి ఉన్నాయి. ఇప్పటికి పొద్దుటి పరీక్షలు పంపిద్దాం. వేడి సంగతి తర్వాతి డిజైన్‌లో చూసుకుందాం."

ఆ అమ్మాయి చేతికి తడిగుడ్డ చుట్టుకుని ఉంది. గొంతు పెంచలేదు. "సార్, ఓడ డెక్ మీద హెలికాప్టర్ ఎండలోనే నిలబడుతుంది కదా. గంటలకొద్దీ నిలబడుతుంది."

ఆయన నా వైపు తిరిగారు. "మీ గ్యాంట్రీలో లోపం లేదని తేలింది. మీ పని అయిపోయినట్టే. మీరేమంటారు?"

నిజానికి అది నాకు తప్పుకోవడానికి ఇచ్చిన దారి. ఈ డిజైన్ ఆగిపోతే పని వేరే ఊరికి పోవచ్చని కూడా నాకు తెలుసు. అయినా చెప్పాల్సింది ఏమిటో తేల్చుకోవడానికి నాకు క్షణం కూడా పట్టలేదు.

"సార్, మేం బాగుచేసిన స్తంభం కింద మనుషులు పని చేస్తారు. అది పొద్దుటి షిఫ్టులో నిలబడి రెండో షిఫ్టులో కూలితే, పొద్దున నిలబడింది కదా అని నేను రాసివ్వలేను. ఇది పాసైందని మా షాపు తరఫున నేను సంతకం పెట్టను."

వెంటనే అన్న అందుకున్నాడు. "సార్, ఫికర్ చెయ్యకున్రి. దీన్ని జల్ది మార్చి ఇస్తం. రాత్రి పగలు ఏకం చేస్తం, గని తప్పుది మాత్రం పంపద్దు."

ఆఫీసరు ముఖం తుడుచుకున్నారు. అమ్మ పంపిన మజ్జిగ గ్లాసు ఖాళీ చేశారు. తర్వాత చిన్నగా నవ్వి, "మీ ఊరి ఎండకి రిపోర్టులో ఒక పేరా ఇవ్వాలన్నమాట" అన్నారు. ఉన్నదున్నట్టు రాస్తానని, సమయం అడుగుతానని చెప్పి వెళ్ళారు. చెప్పినట్టే చేశారు. పై నుంచి ఆయనకు మాటలు పడ్డాయని తర్వాత తెలిసింది. ఆ మాటల్లో ఒక్కటీ ఆయన మా దాకా రానివ్వలేదు.

ఆ అమ్మాయి తిరిగి వెళ్ళలేదు. షాపులోనే ఒక మూల బల్ల వేసుకుంది. మొదట కడ్డీని కూడా అల్యూమినియంతో చేద్దామనుకున్నాం. రెండూ ఒకేలా సాగుతాయి కదా అని. చేశాం. కొక్కేలు విడిచేటప్పటి కుదుపు నాలుగైదుసార్లు తగిలేసరికి కడ్డీ వంగిపోయింది. లావు చేస్తే లాంచర్‌లో పట్టలేదు. రెండు వారాలు వృథా అయ్యాయి. ఆ అమ్మాయి అన్నం తినడం మానేస్తే అమ్మే వచ్చి దగ్గర కూర్చుని తినిపించింది.

ఒకరోజు ఆమె షాపు గచ్చు మీద సుద్దముక్కతో గీస్తూ ఉంది. గీసి, చెరిపి, మళ్ళీ గీసి నన్ను పిలిచింది.

"అక్కా, సాగకుండా ఆపాలని చూస్తున్నాం. సాగనిస్తే?"

"అంటే?"

"మోటారు ఒక చివర ఎందుకు, మధ్యలో పెడదాం. అటొక కడ్డీ, ఇటొక కడ్డీ, సమానం పొడవు. ఎండకి సాగినా రెండువైపులా ఒకేలా తేడా వస్తుంది. ఆలస్యమైతే రెండు కొక్కేలూ కలిసి ఆలస్యమవుతాయి."

నేను గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఆ బొమ్మ చూశాను. ఇంత సులువైనది ఇన్నాళ్ళూ మాకెందుకు తట్టలేదా అనిపించింది. కానీ మధ్యలో మోటారు పెట్టడానికి చోటు లేదు. అక్కడ లాంచర్‌ని హెలికాప్టర్‌కి బిగించే బోల్టులున్నాయి. ఆ చోటు నేను వెతికాను. బోల్టుల దిమ్మను రెండుగా చీల్చి, మధ్యలో మోటారు దూరేలా మార్చాను. దిమ్మ బలం తగ్గలేదని లెక్క వేసి ఆమెకు చూపిస్తే, ఆమె తన లెక్క వేసి సరేనంది. అన్న దాన్ని ఒకే ఇనుప ముద్దలోంచి కోసి తీశాడు. రెండు కడ్డీలనూ పక్కపక్కన పెట్టి, వేలితో తడిమి, "ఇగ చూడు, కవల పిల్లలు" అన్నాడు.

ఇక ఎండ కావాలి. ఊరంతా ఎప్పుడు మబ్బు పడుతుందా అని ఎదురుచూస్తున్న రోజులవి. మాకు మాత్రం మండిపోయే మధ్యాహ్నం కావాలి. సరిగ్గా అప్పుడే ఆకాశం కమ్ముకుంది. చల్లగాలి వీస్తుంటే పక్క షాపులవాళ్ళు బయట మంచాలు వేసుకుని కూర్చున్నారు. నేను మాత్రం ఆకాశాన్ని తిట్టుకుంటూ తిరిగాను.

"ఏంది చెల్లె, అందరు వానకు మొక్కుతుంటె నువ్వు ఎండకు మొక్కుతున్నవ్" అంటూ అన్న ఒకటే నవ్వు.

మబ్బు విడిచిన రోజున ఎండ అంతకు ముందుకంటే పదునుగా కాసింది. లాంచర్‌కి నల్లరంగు కూడా వేశాం, ఇంకా కాలాలని. మధ్యాహ్నందాకా దాన్ని ఎండలో వదిలేశాం. దగ్గరికి వెళితే ముఖానికి సెగ కొడుతోంది. ఆ అమ్మాయి బటన్ నా చేతికిచ్చింది. నేను తిరిగి ఆమెకే ఇచ్చాను. అది ఆమె నొక్కాల్సిన బటన్.

డమ్మీ మంచం వాల్చినంత సమంగా పడింది. ఇసుక రెండువైపులా ఒకేలా లేచింది. ప్లైవుడ్ మీద గీత కూడా పడలేదు. ఆమె కెమెరా దగ్గరికి పరుగెత్తి, నెమ్మదిగా నడిపించి చూసి, నన్ను వాటేసుకుంది. మళ్ళీ ఎత్తాం, మళ్ళీ వదిలాం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. వానాకాలం మొదలయ్యాక వానలో కూడా. ఒక్కసారీ తోక లేవలేదు. ఆఫీసరు ఈసారి కావాలనే మధ్యాహ్నం చేరే రైలెక్కి వచ్చి సంతకం పెట్టారు.

తర్వాతి కథ మా చేతుల్లో లేదు. లాంచర్ హైదరాబాద్ వెళ్ళింది, అక్కడి నుంచి సముద్రపు ఒడ్డుకు వెళ్ళింది. హెలికాప్టర్‌కి తగిలించారని, గాల్లోంచి డమ్మీ వదిలారని ఆ అమ్మాయి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేది. చెప్పకూడనివి చెప్పేది కాదు. మేం మా పంపులూ రోలర్లూ చేసుకుంటూ ఉన్నాం. నాకు దిగులు లేదు. మేం చేసినదాని మీద నాకు నమ్మకం ఉంది, ఆ అమ్మాయి మీద ఇంకా ఎక్కువ నమ్మకం ఉంది.

అసలు క్షిపణిని ప్రయోగించిన రోజు ఆమె ఫోన్ చేసి, "అక్కా, వార్తలు చూడండి" అని మాత్రం అని పెట్టేసింది. మెషీన్లు ఆపించి అందరం నా ఫోన్ చుట్టూ చేరాం. నీలి సముద్రం మీద హెలికాప్టర్. పక్కనుంచి తెల్లటి క్షిపణి విడివడింది. తోక ఊగలేదు, ముక్కు వాలలేదు. అలాగే సమంగా కిందికి జారింది. అప్పుడు వెనక మంట లేచి, నీళ్ళ మీదుగా దూసుకుపోయింది. షాపంతా కేకలు. అది వెళ్ళి గురిని కొట్టడం కూడా చూపించారు. అన్న మాత్రం ఫోన్ లాక్కుని వెనక్కి తిప్పి, పడే ముక్క ఒక్కటే మళ్ళీ మళ్ళీ చూశాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడని గమనించి నేను పక్కకు చూశాను.

ఇప్పుడు ఆ లాంచర్ దిమ్మలూ కడ్డీలూ మా షాపులోనే తయారవుతున్నాయి. ఇంకో షెడ్డు వేశాం. ఇక్కడి పాలిటెక్నిక్‌లో చదివిన ఆడపిల్లలు ముగ్గురు మా దగ్గర పని చేస్తున్నారు, వాళ్ళు తీసే కొలతల్లో నేను వేలు పెట్టను. ఆ అమ్మాయి తన ల్యాబ్‌లో ఒక బృందానికి పెద్ద అయింది. మొదటి సెట్లు వెళ్ళిన రోజున పెట్టెలకు తార్పాలిన్ కప్పి లారీలో ఎక్కించాం. తీరా లారీ కదిలేసరికి అన్న డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు.

"ఎక్కడికన్నా?"

"గీ పెద్దపల్లి దాక పోయొస్త చెల్లె. డ్రైవర్ ఎట్ల నడుపుతడో చూడాలె గద."

మధ్యాహ్నానికి బస్సులో తిరిగొచ్చి, చెమట తుడుచుకుంటూ, "మంచోడే, గుంతలు చూసి పోనిస్తున్నడు" అని చెప్పి, చేతులు కడుక్కుని లేత్ ముందు నిలబడ్డాడు.